గోడ తిప్పి పంపిన గొంతు

పోదనూరు

రైలు నన్ను పోదనూరు జంక్షన్‌లో ఉదయం ఐదు గంటల యాభై రెండు నిమిషాలకు దింపింది. రావలసిన సమయానికి నలభై ఒక్క నిమిషాలు ఆలస్యం. భుజాన పదకొండు కిలోల సామాను: నాలుగు మైకులు, ఒక రికార్డరు, రెండు జతల హెడ్‌ఫోన్లు, కొలతకు ముప్ఫై మీటర్ల టేపు. హైదరాబాదులో నా వృత్తి పాటల ఆల్బములకు తుది మెరుగు దిద్దడం. తొమ్మిదేళ్ళుగా ఎక్కువ భాగం బ్లాక్ మెటల్ ఆల్బములే చేస్తున్నాను.

ఆ సంగీతం ఎరగని వారికోసం రెండు మాటలు. అందులో గిటారు కందిరీగల తుట్టె కదిలినట్టు రొద పెడుతుంది. డ్రమ్ము ఊపిరి తీసుకోనివ్వదు. గాయకులు పాడరు, గొంతు చించుకుని అరుస్తారు. మంచు దేశాలలో పుట్టిన ఈ సంగీతానికి పుట్టినప్పటి నుంచీ మతంతో పేచీ. ఈ ఏడాది నా బల్ల మీదికి వచ్చిన కొత్త ఆల్బములలో తలకిందుల శిలువ లేని అట్ట అరుదు. నాకు దైవభక్తి లేదు కనుక ఆ తిట్లు నన్ను నొప్పించవు, విసిగిస్తాయి. తిట్టిన కుర్రవాడికి సాయంత్రానికి ఏమీ కాదు. పండుగ వస్తే ఇంటికి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చుని పులిహోర తింటాడు.

పోదనూరు నుంచి స్టెల్లా అనే గాయని ఫోనులో వినిపించిన పాట అలాంటిది కాదు. ఆ పాట పేరు 'గోడ'. అది విన్నాకే నేను టికెట్టు కొన్నాను.

స్టేషను బయట స్కూటరు మీద కాలు ఆనించి నిలబడి ఉంది స్టెల్లా. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది.

"ఏమక్కా, ఇంత పొట్టిగా ఉండారు? ఫోన్‌లో మాట వింటే ఆరడుగులు ఉంటారని అనుకుంటిని."

"నీ అరుపు విని నేనూ నిన్ను అంతే అనుకున్నాను."

ఆమె కుటుంబం నాలుగు తరాలుగా రైల్వే కాలనీ చుట్టూనే ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. స్టెల్లా తన తెలుగు పాటలను తమిళ లిపిలో రాసుకుంటుంది. తెలుగు అక్షరాలు ఆ ఇంట్లో ఎవరికీ రావు. తండ్రి మరియదాసు గారు రైలుపట్టాల పని నుంచి విరమించారు. ముప్ఫై ఏళ్ళకు పైగా చర్చి పాటగుంపులో పాడుతున్నారు. నేను చెప్పులు విప్పుతుండగానే ఆయన నా తెలుగు విని నవ్వారు.

"మీ తెలుగు పేపర్ తెలుగు. మాది తాతల తాతలు బండిలో వేసి తెచ్చిన తెలుగు. బండిలో పట్టినంతే ఉండాది. మిగిలింది తమిళం పోసి నింపుకుంటిమి."

ఇడ్లీల మీద కోడి కూర పులుసు పోశారు. మా వైపు అల్లం పచ్చడి అని చెప్పాను.

"పొద్దున్నే పచ్చడా? పావం," అన్నారు ఆయన, నిజంగా జాలిపడి. తర్వాత కూతురి వైపు తల ఊపారు. "దీనికి ఐదేళ్ళ వయసు నుంచి పాట నేర్పిస్తిని, అమ్మా. ఫాదరే మెచ్చుకున్న గొంతు. ఇప్పుడు పందిని కోసినట్టు అరస్తాది."

"పంది కూడా శ్రుతిలో అరస్తాది నాయినా. మీరు నేర్పిందే," అంది స్టెల్లా.

ఆర్.ఎస్. పురం

బృందంలో ఉన్నది ఇద్దరే: గొంతు స్టెల్లాది, గిటారు రఘుది. రఘు ఇల్లు ఆర్.ఎస్. పురంలో ఉంది. తాతలు పత్తి పండించారు, తండ్రి నీటి పంపుల కర్మాగారం పెట్టారు. వీళ్ళదీ ఇంటి భాష తెలుగే, కాని పోదనూరు తెలుగుకు, ఈ తెలుగుకు మధ్య పది కిలోమీటర్ల కంటే ఎక్కువ దూరం ఉంది. అక్కడ స్టెల్లా 'నాయినా' అంటుంది; ఇక్కడ రఘు 'డాడీ' అంటాడు.

రఘు తల్లి సరోజమ్మ గారు ముందు నా నుదురు చూశారు. అక్కడ ఆడపిల్లలను ముద్దుగా 'కన్ను' అంటారు.

"ఏమి కన్ను, బొట్టు మరిచిపోతివా?"

"పెట్టుకోనండి."

"సరి. వీడు దేవుణ్ణి తిడతాడు, నువ్వు బొట్టు పెట్టుకోవు. కానీ శనివారం మాత్రం తిట్టవద్దు, మా పెరుమాళ్ళ రోజు. మిగతా ఆరు రోజులు మీ ఇష్టం."

బియ్యం, కందిపప్పు, వెల్లుల్లి కలిపి వండిన అన్నం పెట్టారు. అరిసి పరుప్పు సాదం అంటారు. కిచిడిలా ఉందన్నాను. "కిచిడి జ్వరం వచ్చినోళ్ళు తినేది," అని గద్దించి, ఇంకో గరిటె నెయ్యి పోశారు.

ఆల్బములో ఎనిమిది పాటలు. ఏడింటికి మాటలు రఘువి: రథాలు, పూజారులు, హుండీలు, సాధువుల వేషాలు. మాటలు పదునుగానే ఉన్నాయి, నేను మెచ్చుకున్నాను. రఘు గిటారు తీగ బిగిస్తూ, తల్లి వంటింట్లోకి వెళ్ళాక, మెల్లగా అన్నాడు: "నేను ఏమి తిట్టినా మా అమ్మ నెయ్యి పోస్తాది, మేడమ్. స్టెల్లాకు అట్ల లేదు. దాని పాట ఒక్కటే దాన్ని తిరిగి కొడతాది."

గోడ

ఊరి పేరు, చర్చి పేరు రాయను. స్టెల్లా పాటలోనూ అవి లేవు. అలాంటి గోడలు ఒక్క చోటే లేవు కనుక పేరు అనవసరం అని ఆమె వాదన.

సమాధుల తోట ఒకటే, దారులు రెండు. పెద్ద గేటు నుంచి వెళితే పాలరాతి సమాధులు, క్రోటన్ మొక్కలు. వెనుక సందు నుంచి వెళితే చిన్న ఇనుప తలుపు, మట్టి దిబ్బలు, సిమెంటు శిలువలు. నడుమ కులం కట్టిన గోడ. టేపు పెట్టి కొలిచాను: పొడవు యాభై నాలుగు మీటర్లు, ఎత్తు ఆరున్నర అడుగులు. స్టెల్లా తల్లి వెనుక సందు వైపు ఉంది. ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత నేల ఖాళీగా ఉంది. అది మరియదాసు గారిది. నెలనెలా చర్చికి కట్టే సందా ఏ నెలా తప్పని కుటుంబానికే ఇక్కడ చోటు. భార్య పోయిన ఈ నాలుగేళ్ళలో ఆయన సందా ఒకటో తేదీ దాటలేదు.

నవంబరు రెండున వచ్చే చనిపోయిన వారి పండుగకు ముందు, ప్రతి కుటుంబం తన సమాధులకు సున్నం వేస్తుంది. మా వైపు క్రైస్తవ కుటుంబాలలోనూ ఆ అలవాటు చూశాను. చూడనిది ఇక్కడ చూశాను: వెనుక సందు వాళ్ళు గోడకు తమ వైపు ముఖానికి కూడా సున్నం వేస్తారు. తమను వేరు చేసిన గోడను తమ డబ్బుతో, తమ చేతులతో ఏటా తెల్లగా ఉంచుతారు. ఎవరూ ఆజ్ఞాపించలేదు. పండుగనాడు తమ వాళ్ళ తలాపున మురికి గోడ ఉండకూడదని, అంతే. గడిచిన వారమే మరియదాసు గారు వేసిన పూత ఇంకా చేతికి అంటుతూ ఉంది.

"మంచు దేశాలలో చర్చిలు తగలబెట్టిన వాళ్ళ ఆల్బములు నువ్వూ విన్నావు కదా," అన్నాను స్టెల్లాతో.

"తగలబెట్టేది ఎందుకక్కా? మా అమ్మకు అక్కడే పెండ్లి అయింది. నాకు పాట వచ్చింది అక్కడే. ఈ గోడ ఒక్కటి నాతో మాట్లాడాల. అంతే."

ఆమె ఉద్దేశం అక్షరాలా అదే. తల్లి సమాధి దగ్గర నిలబడి పాడాలి, గోడ తిప్పి పంపే ప్రతిధ్వనిని నేను పట్టాలి. సమాధి నుంచి గోడకు పదిహేడు మీటర్లు. నున్నగా సున్నం పూసిన గోడ కనుక గొంతు చెదరకుండా తిరిగి వచ్చింది, తొంభై తొమ్మిది మిల్లీసెకన్లలో. నేను తర్వాత యంత్రంతో కల్పించగల ఏ ప్రతిధ్వనికీ లేని కరుకుదనం దానికి ఉంది.

*అమ్మా, నీ తలాపున గోడ.*
*దానికి సున్నం వేస్తిని, దండం పెట్టను.*

మూడోసారి పాడుతుండగా, అవతల ఏదో సమాధి గట్టు ఎక్కాడో ఏమో, గోడ మీది నుంచి ఒక తల కనబడింది. చర్చి కమిటీలో పెద్ద ఒకాయన. ఆయన తమిళంలో అడిగింది నాకు అర్థమైంది.

"పొద్దున్నే దయ్యం పట్టిందా, స్టెల్లా?"

"పట్టింటే మీ వైపుకే వచ్చుండును మామా. అక్కడ చెట్లు బాగుండాయి."

ఆయన నవ్వలేదు. చుట్టూ తిరిగి, కారుతున్న పాల పాకెట్లతో సందులోకి వచ్చి, నా మైకులు చూసి, విషయం మొత్తం రాబట్టుకుని, గొంతు పెంచకుండా చెప్పి వెళ్ళాడు: ఈ పాట బయటికి వస్తే మరియదాసు గారి సందా కార్డు రద్దు, భార్య పక్కన ఆయనకు చోటు ఉండదు. ఆదివారం లోపల పాట తీసేశామని చెప్పాలి. ఆ రోజు మంగళవారం.

స్టెల్లా పాల చుక్కలు పడిన చోట కాలితో మన్ను కప్పింది. "ఇంకోసారి తీద్దాం అక్కా. ఈసారి బాగా వస్తాది," అంది. నిజంగానే బాగా వచ్చింది. ఆల్బములో ఉన్నది అదే.

ఆండిపట్టి దాటాక

గురువారం రఘు కారులో బయలుదేరాం. పళని మీదుగా ఆండిపట్టి దగ్గరకు రెండు వందల మూడు కిలోమీటర్లు. 'గోడ' పాటకు డ్రమ్ము బదులు ఉరుమి కావాలి. చర్మం మీద వంపు కర్రను రాచి మూలిగించే వాద్యం అది. ఆ మూలుగు విన్నాక గిటారును గరగరలాడించే డిస్టార్షన్ చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది. అక్కడి పల్లెలలో ఉరుమి మోతకు దేవరాట్టం ఆడే తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వేరుశనగ చేను పక్కన ఇంట్లో బొమ్మయ్య గారు మాకోసం వాద్యం ఎండలో పెట్టి ఉంచారు.

సంగతి దాచకుండా చెప్పాం: ఇది దేవుణ్ణి నిలదీసే ఆల్బములోని పాట.

"సామిని తిట్టే పాటా?" ఆయన మీసం కిందే నవ్వారు. "వాన లేని ఏడు మేము తిట్టని తిట్టు ఉందా? సామి రొంబ తిట్లు తిన్న మనిషి. అది కాదు కత. ఆడేది ఎవరు?"

"ఆడటం లేదయ్యా. రికార్డింగ్ మాత్రమే."

"ఆడేవాళ్ళు లేకుండా ఉరుమి కొట్టను. కాలు చూస్తేనే చెయ్యి లేస్తాది. గాలికి కొట్టేదానికి నేనేమి పిచ్చోడినా?"

వాదించి లాభం లేకపోయింది. నలభై నాలుగేళ్ళ వయసులో, ఎండిన చేలో, హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని, నేను దేవరాట్టం ఆడాను. రఘు ఎడమ కాలు వేయవలసిన చోట కుడి కాలు వేశాడు. స్టెల్లా రెండో చుట్టుకే లయ అందుకుంది. "మేడమ్ కాలు బావిలో బకెట్ పడినట్టు పడతాది," అని బొమ్మయ్య గారు గట్టిగా చెప్పారు, అదీ రికార్డయింది. ఈలోగా ఒక మేక నా మైకు స్పాంజి తొడుగును నమిలి మింగింది. మా అడుగుల చప్పుడు, ఎండుటాకుల పటపట పాటలో వినబడతాయి, తీసేయలేదు.

తర్వాత అరుగు మీద వరసగా కూర్చున్నాం. అంతకుముందు ఆ ఇంటి కోడలు స్టెల్లాను ఏ ఊరు, ఏ వీధి, ఏ చర్చి అని వివరంగా అడిగి తెలుసుకుని ఉంది. కాఫీ వచ్చింది. రఘుకు స్టీలు గ్లాసు. నాకు స్టీలు గ్లాసు. స్టెల్లాకు కాగితం కప్పు.

నేను చూసేసరికి నా గ్లాసు సగం ఖాళీ. రఘు తన గ్లాసు కింద పెట్టేశాడు. స్టెల్లా మాత్రం తాపీగా, చివరి చుక్క దాకా తాగింది.

"అక్కా, మైకు ఆన్‌లో ఉండాదా?"

ఉంది. ఆమె కప్పును మైకుకు జానెడు దూరంలో పట్టుకుని, మెల్లగా, పిడికిలి పూర్తిగా మూసుకునేదాకా నలిపింది. ఆరు సెకన్లు.

"అయ్యా, మీ ఉరుమి రొంబ బాగుండాది. మీ కాపి బాగలేదు."

బొమ్మయ్య గారు చేతిలోని వంపు కర్రను అటూ ఇటూ తిప్పారు. "ఇంట్లో ఆడోళ్ళ పద్ధతి, పాపా. సుమ్మా, ఊరికే అట్ల జరిగిపోతాది."

"జరిగేది వినాల కదా అయ్యా. అందుకే వినేదానికి పెట్టుకుంటిని."

మేము కారెక్కేటప్పుడు ఆయన గడప దాకా వచ్చి ఆగిపోయారు.

కారులో రఘు అన్నాడు: "ఉరుమి తీసేద్దామా?"

"ఎందుకు?" అంది స్టెల్లా. "ఆయన వాయించింది నిజం. కప్పు కూడా నిజం. కప్పుతో మొదలుపెట్టు, వెనకాలే ఉరుమి రానీ. చర్చి గోడ ఒక్కటే అనుకునేవాళ్ళు కూడా వినాల."

మంచు దేశాల ఆల్బములు ఎన్ని విన్నా నాకు తట్టని సంగతి అది. ఆ సంగీతం ఒక దేవుణ్ణి ఎంచుకుని తిడుతుంది. స్టెల్లాకు ఆ సౌకర్యం లేదు. ఆమె వెళ్ళిన ప్రతి చోటికీ గోడ ఆమె కంటే ముందు చేరుకుంటుంది.

మదురై

యాభై ఎనిమిది కిలోమీటర్లు. బస్టాండు దగ్గర లాడ్జి, పక్క వీధిలో గంటల లెక్కన అద్దెకిచ్చే స్టూడియో. రెండు రోజులు అందులోనే ఉన్నాం. ఆకలేసినప్పుడు కరి దోశ: మూడు పొరలు, నడుమ గుడ్డు, పైన వేయించిన మాంసం, నూట ఎనభై రూపాయలు. మా దోశకు దానితో చుట్టరికం కలపడానికి ధైర్యం చాలదు. పాలతో చేసే చల్లటి జిగర్‌తండా గ్లాసు నలభై. అమ్మే ముసలాయన మా మాటలు విని తెలుగులోకి దిగాడు. ఇంట్లో భార్యతో తెలుగు, పిల్లలతో తమిళమట. "మనవళ్ళకు తెలుగు రాదు. తిట్లు మాత్రం వచ్చు," అన్నాడు గర్వంగా.

శనివారం సాయంత్రానికి ఎనిమిది పాటలూ సిద్ధమయ్యాయి. 'గోడ'ను చివరిగా పూర్తి చేశాను. అప్పుడు స్టెల్లా లేచి, "దాన్ని తీసేయక్కా," అంది.

రఘు కుర్చీ వెనక్కి తన్నాడు. "ఎవడికి భయపడతావు?"

"భయమా? ఆ కమిటీ మీద నేను ఉమ్మేస్తాను. నాకు దేవుడు లేడు రఘూ. మా నాయినకు ఉన్నాడు. అమ్మ పక్కన పండుకోవాలని నాలుగేళ్ళుగా ఒకటో తేదీ డబ్బు ఎత్తి పెడతాడు. నా పాట కోసం ఆయన చోటు అమ్మేదానికి నేనెవరు? నీకు నెయ్యి తగ్గదు. ఆయనకు మన్ను తగ్గుతాది."

రఘు కుర్చీని తిరిగి ముందుకు లాక్కున్నాడు. నాకు చెప్పాలని ఉన్నవి చాలా ఉన్నాయి. ఏ ఒక్కటీ చెప్పే అర్హత నాకు లేదు, ఆ నేలలో పూడ్చవలసింది మా నాన్నను కాదు. ఏడు పాటలతో ఆల్బము తయారు చేశాను. ఎనిమిదవ దాన్ని చెరపమని ఆమె అనలేదు, నేను చెరపలేదు.

మళ్ళీ పోదనూరు

ఆదివారం ఉదయం ఏడుంపావుకు చేరాం. మరియదాసు గారు చర్చికి తెల్ల చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నారు.

"కమిటీవాళ్ళు నా దగ్గరకూ వచ్చిపోయిరి," అన్నారు. "పెట్టండి, వింటాను."

నా స్పీకర్లను స్టూలు మీద పెట్టాను. ఆయన చేతులు కట్టుకుని, ప్రార్థనలో నిలబడినట్టే నిలబడి, ఏడు పాటలూ విన్నారు. మధ్యలో ఒకసారి, "ఇక్కడ శ్రుతి జారింది," అన్నారు. నిజమే, జారింది.

"ఎనిమిదోది యాడ?"

"ఏడే నాయినా," అంది స్టెల్లా.

"నాకు చెవుడా? ఆరు నెలలుగా స్నానాల గదిలో పాడినావు. అమ్మ పాట యాడ?"

స్టెల్లా చెప్పింది. ఏడవకుండా, లెక్క చెప్పినట్టు చెప్పింది. ఆయన విని, బల్ల మీద ఉన్న సందా కార్డు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"మూడు పాటల్లో దేవుడు లేడని అరిచినావు. తప్పు. ఉండాడు. దాని గురించి నీతో తర్వాత కొట్లాడతాను. అమ్మ పాటలో దేవుడి మాటే లేదు. గోడ మాటే ఉండాది. అది ఒక్కటే అబద్ధం లేని పాట. దాన్ని కోసి, తక్కినవి పెట్టుకుంటివా? ఇదేనా నీ ధైర్యం?"

"మీ చోటు పోతాది నాయినా."

"పోనీ. నన్ను కరెంటు శ్మశానంలో కాల్చేయి. బూడిద తీసుకుని సందులోకి పో. తలుపుకు తాళం వేసుంటే బయట నిలబడి అమ్మ మీదికి విసురు. ప్రహరీ కూడా ఆరున్నర అడుగులే. నన్ను ఆపేదానికి ఎంత ఎత్తు కట్టాల వాళ్ళు?"

ఆయన నా వైపు తిరిగారు. "పెట్టమ్మా. చర్చికి టైము అవుతాది."

పెట్టాను. కప్పు నలిగే చప్పుడుకు ఏమిటని అడిగారు; స్టెల్లా చెప్పింది; తల ఊపారు. చేలో అడుగుల దగ్గర "ఎవరు, మీరా?" అని నన్ను చూశారు. గోడ తిప్పి పంపిన గొంతు వచ్చినప్పుడు మాత్రం కళ్ళు మూసుకున్నారు. పాట అయ్యాక స్నానాల గది దగ్గర మిగిలిపోయిన సున్నం బకెట్‌ను సందు కాలువలో కుమ్మరించారు.

"వచ్చే ఏడు వాళ్ళే వేసుకోనీ," అని, పాటల పుస్తకం చంకన పెట్టుకుని, కార్డు ఇచ్చేయడానికి చర్చికి వెళ్ళారు. ఆ ఉదయం పాటగుంపులో ఆయన పాడారని, గట్టిగా పాడారని, స్టెల్లా తర్వాత చెప్పింది.

లెక్క

నా రైలు టికెట్లు రానుపోను: 1,640 రూపాయలు.
కారు డీజిలు, రఘు ఖర్చు: 3,900.
మదురై స్టూడియో, రెండు రోజులు: 7,000.
లాడ్జి, తిండి, జిగర్‌తండాలు: 4,215.
బొమ్మయ్య గారికి ఇచ్చింది: 3,000. కాఫీ ఉచితం.

నష్టాలు: మైకు తొడుగు ఒకటి, మేక పాలు. సున్నం ఒక బకెట్. సందా కార్డు ఒకటి, రద్దు. సమాధి స్థలం ఒకటి, ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, భార్య కుడి పక్కన.

ఆల్బములో పాటలు: ఎనిమిది.